బాషా ఇంజను, వృషభ లగ్నం

నాకు కోపం ఎక్కువ. ఈ మాట మా ఆవిడ శ్యామలాంబని అడిగితే ఇంకా బాగా చెబుతుంది, పెళ్ళైన దగ్గర్నుంచీ పడుతున్నది ఆవిడే కాబట్టి. అద్దంకిలో పురోహితుడు లక్ష్మీనరసింహం అంటే ఎవరైనా ముందు "ఆయన ముహూర్తం తప్పనివ్వడండీ" అంటారు. తరవాత గొంతు తగ్గించి "నోరే కాస్త..." అని ఊరుకుంటారు. ఆ రెండు మాటలూ నాకు బిరుదుల్లాగానే ఉండేవి.

ఆ రోజు నేను జపం ముగించి కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకున్నానో లేదో, మొహిద్దీన్ బాషా గేటు తీసుకుని లోపలికొచ్చాడు. బాషాది మా వీధి చివరి ఇల్లు. సొంత కారు, పసుపు నంబరు ప్లేటు, అద్దెకి తిప్పుకుంటాడు. నేను ఏ ఊరు పెళ్ళికి వెళ్ళినా ఆ కారులోనే. కొనేటప్పుడు మంచిరోజు కూడా నా చేతే పెట్టించుకున్నాడు. మసీదులో ఫాతెహా చేయించి, అటునుంచి అటే మా ఇంటి ముందుకి తెచ్చి, టైర్ల కింద నిమ్మకాయలు నా చేత పెట్టించి తొక్కించాడు. "మంచి ఘడియల్లో వచ్చిన బండి, దీనికేం కాదు పో" అని ఆ రోజు నేనే అన్నాను.

"ఎస్టిమేటు వచ్చిందండీ అయ్యగారూ" అని ఫోను నా చేతికిచ్చాడు.

ఇన్సూరెన్సు సర్వేయరు పంపిన కాగితం ఫొటో అది. కళ్ళజోడు పైకీ కిందికీ జరుపుకుంటూ చూశాను. మెకానిక్ తోమా వేసి ఇచ్చిన లెక్కలో పావు వంతు కూడా లేదు.

"ఇదేమిట్రా బాబూ?"

"బంపరు ఇచ్చారు. కింద ఆయిల్ చాంబరు ఇచ్చారు. ఇంజను ఇవ్వలేదండీ. చాంబరు పగిలి ఆయిల్ కారిపోతుంటే బండి అక్కడే ఆపెయ్యాలంట. తెలిసి కూడా నడిపితే ఇంజను పట్టేస్తుంది కాబట్టి, అది యాక్సిడెంటు కింద రాదంట. మన తప్పంట."

మన తప్పు అన్నాడు. నా తప్పు అనలేదు. అక్కడే నాకు కాఫీ చేదెక్కింది. చేదెక్కితే మనుషులు ఊరుకుంటారు, నేను అరుస్తాను.

"ఎవడా సర్వేయరు? ఏ ఊరు? కుర్చీలో కూర్చుని నీ ఇంజను కొట్టేస్తాడా? పద, ఇప్పుడే పద! వాడి సంగతి నేను తేలుస్తాను!"

"చిలకలూరిపేటండీ. మీకెందుకండీ శ్రమ" అన్నాడు బాషా. కానీ కళ్ళల్లో ఆశ కనిపించింది. ఆశ పడక ఏం చేస్తాడు? కారు తోమా షెడ్డులో పడి ఉంది. బాషా మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో బస్తాలు మోయడానికి పోతున్నాడు, పొద్దస్తమానం తుమ్ముతూ తిరిగొస్తున్నాడు. కారు మీద ఫైనాన్సు ఉంది. కంతులు ఆగిపోయాయి. నెలాఖరుకి బండి రోడ్డెక్కకపోతే ఫైనాన్సు వాళ్ళు వచ్చి తోలుకుపోతామన్నారు. "తోలుకుపోవడానికి అది నడవదుగా అయ్యగారూ, లాక్కుపోవాల్సిందే" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఎందుకు రాలేదో చెప్పాలంటే ఆ పెళ్ళి సంగతి చెప్పాలి.

దర్శి పక్కన పల్లెలో రోశయ్య గారని మిర్చి వ్యాపారి. ఆయన కూతురు మనోజ్ఞ పెళ్ళి. పెట్టింది పది నలభై రెండుకి ముహూర్తం, వృషభ లగ్నం, పుష్కరాంశ. శుభలేఖలో బంగారు అక్షరాలతో అచ్చేశారు. కింద నా పేరు కూడా అచ్చేశారు. రోశయ్య గారు అంతటితో ఊరుకోకుండా దర్శిలో ఉండే రాఘవ అనే కుర్ర పురోహితుణ్ణి కూడా పిలిచారు, "మీకు సాయంగా ఉంటాడండీ" అని. సాయమా నా మొహమా! వాడు చెవికి మైకు తగిలించుకుని, మంత్రానికొక కబురు చెబుతూ, యూట్యూబులో పెళ్ళిళ్ళు చేసే రకం. నేను ఒక్క నిమిషం ఆలస్యమైతే నా పీట మీద వాడు కూర్చుంటాడు. ఆ సంగతి నాకూ తెలుసు, వాడికీ తెలుసు.

బయలుదేరడమే ఆలస్యంగా బయలుదేరాం, అదీ నా వల్లే. పట్టు కండువా నచ్చక మళ్ళీ వెతికించాను. దర్శి రోడ్డులో ఎప్పటిలాగే సగం రోడ్డు మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. వాటి మీదికి బళ్ళు ఎక్కకుండా అంచున తలకాయంత రాళ్ళు పేర్చారు. బాషా నిదానంగానే పోతున్నాడు. వెనకనుంచి నేనే, "ఏమిట్రా ఆ నడక, ఎద్దుబండా ఇది?" అని సతాయిస్తున్నాను. ఎదురుగా బస్సు వచ్చింది. బాషా పక్కకి తీశాడు. కింద ఢామ్మని చప్పుడైంది.

బాషా వెంటనే ఆపాడు. కచ్చితంగా వెంటనే ఆపాడు, అది నేను ఎక్కడైనా చెబుతాను. దిగి, రోడ్డు మీద బోర్లా పడుకుని కిందికి చూశాడు. లేచి వచ్చేసరికి మోచేతులకి మిరపగింజలు అంటుకుని ఉన్నాయి.

"అయ్యగారూ, చాంబరు పగిలింది. ఆయిల్ ధారగా కారుతోంది. ఇంక బండి తియ్యకూడదండీ, ఇంజను పట్టేస్తుంది."

"ఇంకెంత దూరం?"

"ఆరేడు కిలోమీటర్లు ఉంటుందండీ. అయినా వద్దు."

మిరపకాయలు తిరగేస్తున్న ఒకావిడ వచ్చింది, వెంకటేశ్వరమ్మట. రాయి తనే పెట్టింది కాబట్టి పాపం ఆవిడకి భయం వేసింది. "పంతులు గారూ, మా వాడు ఆ చేలోనే ఉన్నాడు. కేకేస్తాను, మోటారు సైకిలు మీద చిటికెలో దింపేస్తాడు" అంది.

ఎంత మంచి మాట! ఎక్కి పోవాల్సింది. కానీ నాకేం కనబడిందంటే, పట్టుపంచె ఎగ్గట్టుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, మోటారు సైకిలు వెనక ఎగురుకుంటూ నేను రోశయ్య గారి పందిట్లో దిగడం, దాన్ని రాఘవ చూడడం. ఆ ఊహకే నా ఒళ్ళు మండింది.

"మడిబట్టతో మోటారు సైకిలా? ఏం మాట్లాడుతున్నావమ్మా!" అని ఆవిడ మీద అరిచాను. ఆ మడిబట్టతోనే నేను కారు సీటులో కూర్చుని శనక్కాయలు తింటూ వచ్చానని బాషాకి తెలుసు.

తరవాత వాడి మీద పడ్డాను. "ఆడపిల్ల ముహూర్తంరా బాషా! ఆ ఘడియ దాటితే మళ్ళీ తెస్తావా నువ్వు? ఆ పిల్ల జీవితానికి ఏమైనా అయితే నీదా పాపం? నీకూ ఆడపిల్ల ఉంది కదరా! తియ్యి బండి. మంచి ఘడియల్లో కొన్న బండి, నేను చెబుతున్నాను, ఏం కాదు!"

వాడు నా మొహం వంక ఒక్క క్షణం చూశాడు. "మీరు చెబితే సరేనండీ" అని స్టీరింగు ముందు కూర్చున్నాడు.

బోర్డు మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. నేను దాన్ని చూడకుండా కిటికీలోంచి పొగాకు కాల్చే బేరన్లు చూస్తూ కూర్చున్నాను. పందిరి కనిపించేసరికి ఇంజను ఏడుపు మొదలెట్టింది. సరిగ్గా గేటు ముందు గట్టిగా ఒక చప్పుడు చేసి ఆగిపోయింది. మళ్ళీ కదల్లేదు.

నేను దిగి పరుగెత్తాను. వెనక్కి కూడా చూడలేదు. ముహూర్తానికి ఇంకా టైముంది, అందుకున్నాను. రాఘవ లేచి నా పీట నాకు ఇచ్చాడు. ఆహా, ఆ క్షణంలో నా గర్వం ఇంతా అంతా కాదు.

ఆ తరవాత జరిగిందే నన్ను నిద్రపోనివ్వనిది. పెళ్ళికూతురు రాలేదు. నలుగురు పట్టుకున్న పువ్వుల పందిరి కింద, పొగ వదులుతుండగా నడిచి రావాలట. పైనుంచి డ్రోను తియ్యాలట. ఆ డ్రోనుకి బ్యాటరీ అయిపోయిందట, ఇంకో బ్యాటరీ దర్శినుంచి వస్తోందట. రోశయ్య గారు నా పక్కన వంగి, "పంతులు గారూ, కాస్త సర్దుకోవాలి. పిల్ల మనసు పడింది" అన్నారు.

నేనేమన్నాను? కొట్టానా? తిట్టానా? "ఆడపిల్ల ముహూర్తమండీ" అన్నానా? లేదు. నవ్వుతూ, "పర్లేదులెండి, పుష్కరాంశ దాటినా వృషభ లగ్నం పన్నెండు దాటేదాకా ఉంది. దోషం లేదు" అన్నాను. శాస్త్రప్రకారం అది నిజమే. లగ్నం రెండు గంటలు నడుస్తుందని మాకు ఓనమాలప్పుడే చెబుతారు. అది రోడ్డు మీద కూడా నిజమే. రోడ్డు మీద నాకు గుర్తు రాలేదనుకోకండి. గుర్తుంది. ఆ మాట బాషాకి చెప్పలేదు, అంతే.

పదకొండున్నర అవుతుంటే జీలకర్ర బెల్లం పెట్టించాను. మేళగాళ్ళకి చెయ్యి ఊపాను, గట్టిమేళం మోగింది. అప్పటిదాకా బాషా బయట ఎండలో, తెరిచిన బానెట్ ముందు నిలబడి ఉన్నాడు.

తరవాత వాడు అద్దంకి వచ్చి టీ బంకు దగ్గరా, మసీదు దగ్గరా, కనిపించిన ప్రతివాడితో ఒకటే మాట చెప్పాడు. "ఇంజను పోతే పోయింది అన్నా, ఆడపిల్ల ముహూర్తం తప్పలేదు." వాడి భార్య చాంద్‌బీ మా ఇంటికొచ్చి శ్యామలాంబతో కూడా అదే అంది. "అయ్యగారు ఉన్నారు కాబట్టి పెళ్ళి టయానికి జరిగిందమ్మా, మా ఆయన దానికి పనికొచ్చాడు, అదే చాలు" అని. నేను లోపలి గదిలోంచి విన్నాను. బయటికి రాలేదు.

ఇదీ జరిగింది. ఇప్పుడు చెప్పండి, సర్వేయరు మీద నాకంత కోపం ఎందుకొచ్చింది?

చిలకలూరిపేటకి బస్సులో వెళ్ళాం. బాషా కిటికీ పక్కన కూర్చుని, డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా తన కాలు కూడా నొక్కుతున్నాడు. స్పిన్నింగు మిల్లుల దగ్గర దిగి, పత్తి లారీల మధ్యనుంచి నడిచి ఆ ఆఫీసుకి చేరాం. నడుస్తున్నంతసేపూ నేను ఏమేం అనాలో పైకి అనుకుంటూనే ఉన్నాను. బాషా, "కొంచెం మెల్లగా మాట్లాడండి అయ్యగారూ, ఆయన మంచాయనే" అన్నాడు.

సర్వేయరు పేరు గోపాలకృష్ణ. నెరిసిన మీసం, మెత్తటి మాట. నన్ను చూడగానే లేచి కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు.

"ఏమండీ! ఒక పేదవాడి ఇంజను కొట్టేసి మీరు బాగుపడతారా? ప్రీమియం కట్టించుకునేటప్పుడు ఇంజను ఉంది, ఇచ్చేటప్పుడు ఇంజను లేదా? రాయి తగిలిందా లేదా? తగలకపోతే ఇంజను పోయేదా? ఇదెక్కడి న్యాయం?"

పక్క గదుల్లోంచి తలలు బయటికొచ్చాయి. ఆయన అంతా విన్నాడు. నాకు ఊపిరి అందక ఆగినప్పుడు మాట్లాడాడు.

"పంతులు గారూ, రాయి తగిలింది, చాంబరు పగిలింది, అది ఇచ్చాను. ఇంజను రాయి వల్ల పోలేదు, ఆయిల్ లేకుండా నడపడం వల్ల పోయింది. బాషా గారు తెలియక నడిపానని చెప్పి ఉంటే కొంత వాదించేవాణ్ణి. ఆయన దిగి చూశానని, ఆయిల్ కారుతోందని తెలుసని నిజం చెప్పారు. నేనేం చెయ్యను?"

"నిజం చెప్పడం తప్పా?"

"తప్పు కాదండీ. అందుకే నాకూ బాధగా ఉంది."

బాషా మధ్యలో, "నేనే నడిపాను సార్. అయ్యగారికేం సంబంధం లేదు" అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు, వాడు ఇన్నాళ్ళూ నా పేరు ఎక్కడా ఎత్తలేదని.

సిగ్గేసింది. నాకు సిగ్గేస్తే గొంతు ఇంకా పెరుగుతుంది. "నేనే నడపమన్నాను! రాసుకోండి! ముహూర్తం అది! ముహూర్తం అంటే మీకు తెలుసా? ఆగమంటే ఆగుతుందా?"

గోపాలకృష్ణ కాగితం ముందుకి లాక్కున్నాడు. "చూడండి, ఒక దారి ఉంది. ఆపడానికి వీల్లేని పరిస్థితి, వేరే దారి లేదు అని నేను రిమార్కు రాస్తే, మేనేజరు గారు ఇంజనులో సగమైనా ఒప్పుకోవచ్చు. గ్యారంటీ లేదు. కానీ నేను ప్రయత్నం చేస్తాను. వేరే వాహనం ఏదీ దొరకలేదా?"

మోటారు సైకిలు, వెంకటేశ్వరమ్మ, ఆవిడ భయపడ్డ మొహం, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. "దొరకలేదు" అన్నాను. మెల్లగా అన్నాను.

ఆయన రాసుకుంటూ, తల ఎత్తకుండానే, మాట వరసకి అడిగినట్టు అడిగాడు. "పోనీలెండి, అంత కష్టపడ్డారు. జీలకర్ర బెల్లం ముహూర్తానికి పడిందా మరి?"

"పడింది" అన్నాను.

"పడింది సార్" అని బాషా అందుకున్నాడు. "నేను బయట బండి దగ్గరే ఉన్నానుగా. గట్టిమేళం వినపడగానే ఫోనులో టైము చూసుకున్నా. సరిగ్గా పది నలభై రెండు."

నాకు తల కొట్టేసినట్టయింది.

వాడు విన్నాడు. గట్టిమేళం అంటే ఏమిటో తెలియని వాడా? నన్ను ఎన్ని పెళ్ళిళ్ళకి తీసుకెళ్ళాడు! టైము చూసుకున్నాడు. ఆ టైము ఎంతో వాడికి తెలుసు. పందిట్లో వృషభ లగ్నం హాయిగా సాగుతుంటే, వాడు బయట చచ్చిపోయిన ఇంజను ముందు నిలబడి అంతా విని, లెక్కగట్టుకుని, ఊళ్ళోకొచ్చి "ముహూర్తం తప్పలేదు" అని చాటాడు. ఇప్పుడు ఇక్కడ, తన విషయంలో నిజం చెప్పి నష్టపోయిన మనిషి, నా విషయంలో అబద్ధం చెబుతున్నాడు. నా పరువు పోకూడదని.

గోపాలకృష్ణ గారి కలం నడుస్తోంది. నోరు మూసుకుని కూర్చుంటే అయిపోయేది. కానీ నేను ఊరుకోగలనా?

"ఆపండి. రాయకండి."

ఆయన తల ఎత్తాడు.

"జీలకర్ర బెల్లం ముహూర్తానికి పడలేదండీ. ముప్పావు గంట దాటాక పడింది. డ్రోను కోసం ఆపాను. నేనే ఆపాను, నవ్వుతూ ఆపాను. లగ్నం పన్నెండు దాకా ఉందని నాకు ముందే తెలుసు. దారిలో ఒకావిడ మోటారు సైకిలు కూడా ఇస్తానంది. నేనే ఎక్కలేదు. ఇతను ఆపాడు, వద్దన్నాడు, చెప్పాడు. నేను శాపనార్థాలు పెట్టి నడిపించాను."

ఆయన కలం కింద పెట్టాడు.

"మరి అంత అర్జెంటు ఏముందండీ?"

"ఏమీ లేదు. నా పీట మీద ఇంకొకడు కూర్చుంటాడని."

ఆయన రాసింది అడ్డంగా కొట్టేశాడు. "ఇప్పుడు నేనేమీ చెయ్యలేను పంతులు గారూ. ముందు వేసిన ఎస్టిమేటే ఉంటుంది" అన్నాడు. మా మీద కోపం లేదు ఆయనకి, జాలి ఉంది. జాలి భరించడం నాకు చేతకాదు. బయటికొచ్చేశాను.

నిజం చెప్పాను కదా, గుండె తేలికపడుతుందనుకున్నాను. బస్టాండు దాకా బాషా నాకు నాలుగడుగులు ముందే నడిచాడు. బెంచీ మీద పక్కన కూర్చున్నాక, "బాషా, నీకు తెలుసు కదరా. ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

వాడు గభాలున లేచి నిలబడ్డాడు. వాడికి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

"మీరెందుకు చెప్పారు? అది చెప్పండి ముందు! ఆయన రాస్తున్నాడు కదండీ! సగమైనా వచ్చేది కదండీ! ఇంకొక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే మీ సొమ్మేం పోయేది?"

"అబద్ధం కదరా..."

"అబద్ధమే! రోడ్డు మీద నాతో చెప్పింది అబద్ధం కాదా? అప్పుడు రాలేదా మీకు నిజం?" బస్సు కోసం నిలబడ్డవాళ్ళు చూస్తున్నారు. "ఆ రోజు మీ పరువు కోసం నా ఇంజను పోయింది. ఇవాళ మీ మనసు తేలిక కావడానికి నా క్లెయిము పోయింది. రెండుసార్లూ బండి నాదే అయ్యగారూ."

నా జన్మలో నన్ను ఎవరూ అంత మాట అనలేదు. అన్నా నేను ఊరుకునేవాణ్ణి కాదు. ఆ రోజు ఊరుకున్నాను. ఏమని తిట్టను? వాడన్నదాంట్లో ఒక్క అక్షరం తీసెయ్యడానికి లేదు.

బస్సులో వాడు వెనక సీటులో కూర్చున్నాడు. నేను ముందు కూర్చున్నాను.

ఇంటికొచ్చి శ్యామలాంబకి మొత్తం చెప్పాను, పట్టు కండువా దగ్గర్నుంచి. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు, అదే భయం వేసింది. అంతా అయ్యాక నా కుడిచేతి వంక చూసి, "తియ్యండి" అంది.

నా చేతికి స్వర్ణకంకణం ఉండేది. మూడు మండలాల వాళ్ళు కలిసి సన్మానం చేసి, "ముహూర్త సార్వభౌమ" అని బిరుదిచ్చి తొడిగారు. పీటల మీద నేను చెయ్యెత్తి అక్షతలు వేస్తుంటే అది ఫొటోల్లో మెరవాలని కాస్త మోచేతివైపుకి జరిపి ఎత్తేవాణ్ణి. తీశాను. రాకపోతే శ్యామలాంబ సబ్బు రాసి లాగింది.

మర్నాడు అద్దంకి బజార్లో కంసాలి దాన్ని గీటురాయి మీద గీసి, నా మొహం చూసి, మళ్ళీ గీశాడు. "పంతులు గారూ, వెండి అండీ. పైన పూత" అన్నాడు. ఒకప్పుడైతే ఆ సన్మానం కమిటీ వాళ్ళ ఇళ్ళ మీదికి పోయి ఉండేవాణ్ణి. నాకు నవ్వొచ్చింది. అంత దుఃఖంలో నవ్వొచ్చింది. దాన్ని అక్కడే అమ్మేశాను. మిగతాదానికి, వైశాఖంలో ఒప్పుకున్న పెళ్ళిళ్ళ వాళ్ళందరికీ ఫోను చేసి, సంభావన ముందే ఇమ్మని అడిగాను. నా నోటితో అడిగాను. కొందరు ఇచ్చారు, కొందరు రాఘవని పెట్టుకున్నారు. పెట్టుకోనీ.

ఆ డబ్బు తోమాకి నేరుగా ఇవ్వకుండా బాషా ఇంటికి తీసుకెళ్ళాను. వాడు వద్దంటాడని, నేను బతిమాలాలని, చివరికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడని దారంతా ఊహించుకుంటూ పోయాను. సిగ్గు లేని ఊహ. వాడు లెక్క కూడా పెట్టకుండా చాంద్‌బీ చేతికిచ్చి, "ఫైనాన్సు వాళ్ళని ఇంకో పది రోజులు ఆపాలి. మీరు మాట్లాడతారా? మీ గొంతు వాళ్ళకి పనికొస్తుంది" అన్నాడు. మాట్లాడాను. ఆ ఒక్కచోట నా నోరు పనికొచ్చింది.

నెల దాటింది. వాడు నా గుమ్మం తొక్కలేదు. పెళ్ళిళ్ళకి బస్సులో పోయి వస్తున్నాను. మోటారు సైకిళ్ళ వెనక కూడా ఎక్కాను, పట్టుపంచెతోనే. ఎవరూ నవ్వలేదు. జీలకర్ర బెల్లం పెట్టించి మేళగాళ్ళకి చెయ్యి ఊపేటప్పుడు మాత్రం నా చెయ్యి కొంచెం ఆగుతుంది. గట్టిమేళం మోగిన ప్రతిసారీ బయట ఎవరో నిలబడి వింటున్నారనిపిస్తుంది.

వైశాఖంలో ఒక రోజు సంచీ సర్దుకుని బస్టాండుకి బయలుదేరుతుంటే గేటు ముందు హారను మోగింది. అదే కారు. కొత్త బంపరు రంగు సరిగ్గా కలవలేదు. ఇంజను చప్పుడు మాత్రం మెత్తగా ఉంది. బాషా దిగలేదు, లోపలినుంచే చెయ్యి చాపి వెనక తలుపు తీశాడు.

నేను ఎక్కి కూర్చున్నాను. ఏదో ఒకటి అనాలని గొంతు సవరించుకున్నాను. వాడు అద్దంలోంచి నా మొహం వంక చూశాడు.

"ముహూర్తం ఎన్నింటికని అడగనండీ అయ్యగారూ. లగ్నం ఎప్పటిదాకా ఉందో అది చెప్పండి, చాలు."

చెప్పాను. పంచాంగం తియ్యకుండానే చెప్పాను.